వారం మాత్ర వెనుక ఉన్న భీమవరం బిడ్డ: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

సాంచెల చప్పుడు మధ్య బతికే నిజాంపురా ఇళ్లకు పరేల్ తెలియని చోటు కాదు. పెద్ద జబ్బేమో అని ఇక్కడి డాక్టరు అనుమానపడగానే రిపోర్టులన్నీ ఒక సంచిలో సర్దుకుని, కల్యాణ్ దాకా బస్సో రిక్షానో పట్టుకుని, అక్కడి నుంచి లోకల్లో నిలబడి టాటా ఆసుపత్రికి వెళ్లివచ్చిన కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. పిల్లలకు రక్త క్యాన్సర్ వచ్చి అలాంటి ఆసుపత్రిలో చేరితే మొదటి నెలలు చాలా కష్టంగా గడుస్తాయి. ఆ తర్వాత డాక్టర్లు ఇంటికి పంపుతూ ముఖ్యంగా రెండు మాత్రలు రాస్తారు. ఒకటి రోజూ వేయాలి. రెండోది వారానికి ఒక్కసారే వేయాలి. ఆ వారం మాత్ర పేరు మెథోట్రెక్సేట్. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయి పోగు ముడి వేయలేని పెద్దవాళ్లకు తక్కువ మోతాదులో ఇచ్చేది కూడా ఈ మాత్రనే.

ఈ మందు తయారైన ప్రయోగశాలను నడిపించిన మనిషి తెలుగువాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పోయి డెబ్బై ఏళ్లు దాటింది. మందు ప్రపంచమంతా తిరుగుతోంది గానీ దాని వెంట ఆయన పేరు తిరగడం లేదు. మన పిల్లలకు ఆ కథ తెలియాలి. అందులో గర్వపడేది చాలా ఉంది, బాధపడేదీ ఉంది. ఈరోజు మందు వాడుతున్న ఇళ్లకు పనికొచ్చే హెచ్చరిక కూడా ఒకటుంది.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఆ ఉద్యోగం ముందుగానే వదులుకోవాల్సి వచ్చింది. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవారు. ఇంట్లో ఎప్పుడూ డబ్బుకు కటకటే. తల్లి వెంకమ్మ మాత్రం ఈ పిల్లవాడు చదివి తీరాలని పట్టుబట్టింది.

పిల్లవాడికి చదువు మీద అంత ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో ఇంటి నుంచి పారిపోయాడు. కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. ఇంటివాళ్లు వెతికి వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. చివరికి మద్రాసులోని హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కాడు. పదో తరగతి తప్పిన పిల్లవాణ్ణి వెంటనే సాంచె మీద నిలబెట్టాలని చూసే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాతి రోజుల్లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నది ఈ పిల్లవాడే.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. అక్కడి పెద్దలు కూడా వైద్యం చదివి జనానికి సేవ చేయమనే సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు కూడా డబ్బు సర్దారు. 1919లో ఆయన కూతురు శేషగిరితోనే సుబ్బారావు పెళ్లి జరిగింది.

ఖద్దరు గౌను

అవి స్వదేశీ ఉద్యమం రోజులు. గాంధీ గారి పిలుపు విని సుబ్బారావు విదేశీ బట్ట వదిలేశారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకునే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు పూర్తి ఎంబీబీఎస్ దక్కలేదు. దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. మగ్గం మీద నేసిన ముతక బట్టను వదులుకోనందుకు ఆయన ఇచ్చిన మూల్యం అది. నేత కులాల వాళ్లం ఈ ఒక్క సంఘటన కోసమైనా ఆయన్ని తలుచుకోవాలి.

ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఈలోపు ఇంటిమీద పెద్ద దెబ్బ పడింది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. అది పేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. ఆ రోజుల్లో దానికి ఇంగ్లీషు వైద్యంలో సరైన మందు లేదు. కొంతకాలానికి అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు. అన్నదమ్ములు పోయారు, తాను మిగిలాడు. ఈ జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పటి నుంచే ఆయనలో బలపడింది.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయంతో, మామగారు సర్దిన డబ్బుతో సుబ్బారావు ఓడ ఎక్కారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్ చేరి, హార్వర్డ్‌లోని ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. భార్య అప్పటికి గర్భవతి. కొన్నేళ్లలో చదువు ముగించుకుని తిరిగి వస్తాననే చెప్పి బయలుదేరారు.

అమెరికాలో మన ఎల్ఎంఎస్ పట్టాకు విలువ లేదు. డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట నౌకరుగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తడం, కడగడం ఆ పనిలో భాగం. పగలు చదువు, రాత్రి ఈ చాకిరీ. భివండీలో పగలు కాలేజీకి పోయి రాత్రి పాళీ సాంచె నడిపిన వాళ్లకు ఆ బతుకు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంటి నుంచి వచ్చిన కబురు ఇంకా భారమైనది. తాను చూడని కొడుకు పుట్టాడు. పసితనంలోనే చనిపోయాడు.

కండరంలో శక్తి ఎక్కడిది

తర్వాత సుబ్బారావు సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే తేలికైన పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించారు. అది 1925లో అచ్చయింది. ఫిస్క్ సుబ్బారావు పద్ధతి అనే పేరుతో తర్వాతి తరాల విద్యార్థులు దాన్ని నేర్చుకుంటూ వచ్చారు.

ఆ కొలతతోనే కండరాలను పరిశీలించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సమయంలో ఏటీపీని కనుగొన్నారు. మనం చేయి కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీ నుంచే వస్తుంది. ఈరోజు స్కూలు పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో ఈ పేరు ఉంటుంది.

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. కాలేయం సారంలో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో వెతుకుతూ ఆయన ఇంకా పదేళ్లు అక్కడే గడిపారు. ఫిస్క్ దగ్గరే చదువుకున్న మరో యువకుడు జార్జ్ హిచింగ్స్. ఆయన పేరు గుర్తుంచుకోండి, ఈ కథలో మళ్లీ వస్తుంది. సుబ్బారావు అప్పట్లో వేరు చేసిన కొన్ని పదార్థాల సంగతి అచ్చు కాకుండా ఆగిపోయిందని, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు.

బొంబాయి మిల్లు ఆడవాళ్లు

సుబ్బారావు అమెరికాలో కాలేయం సారంతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే ఇక్కడ బొంబాయిలో ఇంకో పని జరుగుతోంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. కారణం ఎవరికీ తెలియదు. పరేల్‌లోని హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రంగా ఆమె ఆ ఆడవాళ్ల తిండిని, రక్తాన్ని పరిశీలించారు. కూరగాయలు, పండ్లు సరిగా తినలేని పేదల్లోనే జబ్బు ఎక్కువని తేలింది. ఈస్టుతో చేసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే రక్తం పట్టింది. ఆ సంగతి 1931లో అచ్చు వేశారు. ఈస్టులో ఉన్న ఆ గుణం ఏ పదార్థానిదో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు.

ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తలు దాన్ని పాలకూర నుంచి తీసి ఆ పేరు పెట్టారు. అయితే రోగులకు ఇవ్వాలంటే బస్తాల కొద్దీ ఆకుకూర చాలదు, ప్రయోగశాలలో తయారు చేయగలగాలి. అది సాధించింది సుబ్బారావు బృందం. ఆయన 1940లో హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లే మందుల కంపెనీలో పరిశోధనకు చేరారు. కొద్ది కాలానికే పరిశోధన విభాగం మొత్తానికి డైరెక్టరయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసినట్టు ప్రకటించింది.

స్ప్రూ రోగుల్లో తగ్గిపోయే రక్తానికి ఫోలిక్ యాసిడ్ మందుగా పనికొచ్చింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఆయన బృందం చేతుల మీదుగానే ఒక మందు వచ్చింది. పోయిన ఇద్దరికీ అది పాతికేళ్లు ఆలస్యమైంది. మన ఇళ్లలో గర్భిణికి ఆశా తాయి ఇచ్చే మాత్రల్లో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. బొంబాయి మిల్లు ఆడవాళ్ల రక్తంలో మొదలైన వెతుకులాట ఒక తెలుగువాడి ప్రయోగశాల మీదుగా మాత్రగా మారి, మళ్లీ సాంచెల ఊరి ఆడవాళ్ల చేతికి వచ్చిందన్నమాట.

కాపలా కణాలే దారి తప్పితే

ఇక క్యాన్సర్ సంగతి. మన రక్తంలోని తెల్ల కణాలు ఒంటికి కాపలా కాస్తాయి. వాటిలో లింఫోసైట్లు అనే రకం రోగాన్ని గుర్తుపట్టి ఎదుర్కొంటుంది. ఎముకల మూలుగలో ఇవి పుట్టి, పెరిగి, పనిలోకి వెళ్లాలి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌లో ఈ కణాలు సగంలోనే ఎదుగుదల ఆగిపోయి, పని నేర్వకుండానే లెక్కలేనన్ని పుట్టుకొస్తాయి. మూలుగంతా అవే నిండిపోతాయి. ఎర్ర రక్తానికి చోటుండదు, పిల్లవాడు పాలిపోతాడు. గాయమైతే రక్తం ఆగదు. అసలైన కాపలా కణాలు తగ్గి జ్వరాలు వదలవు. 1947 దాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో పోయేవారు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. రక్తానికి మంచిదని ఫోలిక్ యాసిడ్ జాతి మందులను ఈ పిల్లలకు ఇచ్చి చూశారు. కొందరిలో జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది. మంచి రక్తానికి బలమిచ్చే ఫోలిక్ యాసిడ్ దారి తప్పిన కణాలకూ మేతే అవుతోంది. అయితే ఆ మేత అందకుండా చేస్తే ఎలా ఉంటుంది?

దానికి కావలసిన సరుకు లెడర్లేలో ఉంది. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్ రూపాన్ని కొద్దిగా మార్చి దాని నకళ్లను తయారు చేస్తోంది. చూడటానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటుంది, కణం మోసపోయి తీసుకుంటుంది, కానీ పని జరగదు. నేత పనిలో చెప్పాలంటే, సైజుకు సరిపోయే కండె నాడెలో పెడతాం, కానీ దానికి చుట్టిన నూలు ఉత్తుత్తిది. సాంచె ఆడుతుంది గానీ బట్ట ముందుకు సాగదు. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్‌ఏ నేసుకోవాలి, దానికి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. నకిలీది దూరితే ఆ నేత ఆగిపోతుంది. వేగంగా చీలే కణాలకే ఆ దెబ్బ ఎక్కువ తగులుతుంది. జుట్టు రాలడం, నోటిలో పుండ్లు రావడం లాంటి బాధలకు కారణం కూడా అదే. అక్కడి మంచి కణాలు కూడా వేగంగా చీలుతుంటాయి.

అలా వచ్చిన అమినోప్టెరిన్ అనే మందును 1947 చివరలో ఫార్బర్ వాడటం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. మంచం పట్టిన పిల్లలు లేచి నడిచారు. రక్త క్యాన్సర్‌ను మందు లొంగదీయగలదని డాక్టర్లు మొదటిసారి తమ కళ్లతో చూశారు. అయితే ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఈ సంగతికి మళ్లీ వద్దాం, మన ఇళ్లకు కావలసింది అక్కడే ఉంది.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మందు లెడర్లేలోనే తయారైంది. దాన్ని వాడటం కొంత తేలిక, ప్రమాదం కొంత తక్కువ. అదే మెథోట్రెక్సేట్.

ఇంకో రెండు మందులు

సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే 1947లో డైఇథైల్ కార్బమజైన్ వచ్చింది. అది బోదకాలు మందు. ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి కళ్ల ముందే మింగించే డీఈసీ మాత్ర అదే. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషికి బోదకాలు అంటే ఏమిటో పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు.

డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త ఈ ప్రయోగశాలలోనే మట్టి నమూనాలను వెతికి, ఒక బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశారు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటిది. ఇలాంటి సందర్భాల్లో సుబ్బారావు ముందుకొచ్చి నిలబడేవారు కాదు. పని చేసినవాళ్ల పేర్లే ముందుండాలనేది ఆయన పద్ధతి. ఆయన పేరు మరుగున పడటానికి అది కూడా ఒక కారణం.

తిరిగిరాని ప్రయాణం

అమెరికాలో పాతికేళ్లు ఉన్నా సుబ్బారావు ఆ దేశ పౌరుడు కాలేదు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం లేదని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారి ఆ దారి తెరుచుకుంది. అప్పుడు కూడా ఆయన ఆ పని పూర్తి చేసుకోలేదు. పుట్టిన ఊళ్లో లేక, ఉన్న ఊళ్లో పూర్తిగా కలవక మధ్యలో నిలిచిపోయిన బతుకు ఆయనది. రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో, కార్ఖానా ఇంకో రాష్ట్రంలో ఉన్న మన పెద్దల పరిస్థితికీ దానికీ కొంత పోలిక ఉంది.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. వయసు 53 ఏళ్లు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలు, ఆరియోమైసిన్ ప్రకటన వచ్చి కొన్ని వారాలు మాత్రమే అయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఖద్దరు గౌను వేసుకున్న మనిషి స్వతంత్ర భారతాన్ని కళ్లారా చూడలేదు.

ఆయన గొప్పతనం రాసేటప్పుడు శేషగిరమ్మ గారి సంగతి దాటేయడం న్యాయం కాదు. 1922లో ఓడ ఎక్కిన భర్తను ఆమె మళ్లీ చూడలేదు. బిడ్డను ఒంటరిగా పోగొట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ల ఎదురుచూపు తర్వాత ఆమెకు అందింది మరణవార్త. లోకానికి మందులు ఇచ్చిన జీవితానికి ఆ ఇల్లాలు కూడా ఖరీదు కట్టింది. ఆ ఖరీదు కట్టమని ఆమెను అడిగినవారు లేరు. బతుకుదెరువుకు పోయిన మగవాళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన నాయనమ్మలు, అమ్మమ్మలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు ఈ మాట వివరించాల్సిన పని లేదు.

నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు.

మధ్యలో ఆపకూడని మందు

ఇప్పుడు ఆ తిరగబెట్టిన జబ్బు సంగతి. ఫార్బర్ చూసిన పిల్లల్లో జబ్బు కనపడకుండా పోయింది గానీ పూర్తిగా పోలేదు. పరీక్షకు దొరకనన్ని కొద్ది కణాలు లోపల దాక్కుని మళ్లీ పెరిగాయి. ఒక్క మందు చాలదని, ఒక్కసారి తగ్గడం చాలదని డాక్టర్లకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. అనేక మందులు కలిపి, వెన్నులోకి కూడా మందు ఎక్కించి, రెండు మూడేళ్లు వదలకుండా వైద్యం చేసే పద్ధతి అలా కుదిరింది. ఈరోజు సంపన్న దేశాల్లో ఈ రకం రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా బతికి బయటపడుతున్నారు.

ఆ రెండు మూడేళ్లలో ఎక్కువ భాగం ఇంట్లో నడిచే వైద్యమే. రోజూ వేసే మాత్ర మెర్కాప్టోప్యూరిన్. దాన్ని 1950 తొలి ఏళ్లలో తయారు చేసింది గెర్ట్రూడ్ ఎలియన్, ఆమెతో కలిసి పనిచేసిన జార్జ్ హిచింగ్స్. ఇందాక చెప్పిన హిచింగ్స్ ఈయనే. ఆ ఇద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. ఒకప్పుడు హార్వర్డ్‌లో ఒకే గురువు దగ్గర పనిచేసిన ఇద్దరి మందులు ఈరోజు ఒకే పిల్లవాడి మందుల డబ్బాలో పక్కపక్కన ఉంటున్నాయి.

మన దగ్గర వచ్చే చిక్కు ఇక్కడే. ఆరు నెలలు గడిచేసరికి పిల్లవాడికి జుట్టు మొలుస్తుంది, బుగ్గలు నిండుతాయి, గల్లీలో క్రికెట్ ఆడతాడు. తగ్గిపోయిందిలే అనిపిస్తుంది. పరేల్ వెళ్లాలంటే ఒక రోజు పగారు పోతుంది. సాంచెలు బందయినప్పుడు ఊరికి పోతాం, కరీంనగర్ వైపో నల్గొండ వైపో వెళ్లి నెలలు ఉండిపోతాం. మందు ఆగిపోతుంది. 1948లో డాక్టర్లకు తెలియక జరిగిన నష్టం ఇప్పుడు తెలిసి జరుగుతుంది. తిరగబెట్టిన జబ్బును లొంగదీయడం మొదటిసారి కన్నా చాలా కష్టం.

అందుకే ఊరికి వెళ్లాల్సి వస్తే ముందే డాక్టరుకు చెప్పి, అక్కడ ఎవరి దగ్గర చూపించుకోవాలో కాగితం రాయించుకోవాలి. డబ్బు సమస్య అయితే మందు మానే ముందు ఆసుపత్రిలోని సమాజ సేవా విభాగానికి వెళ్లి అడగాలి. మహారాష్ట్ర రేషన్ కార్డు ఉన్నవాళ్లు మహాత్మా జ్యోతిబా ఫూలే జన ఆరోగ్య యోజన గురించి అక్కడే వాకబు చేయవచ్చు. పిల్లవాడు నీరసంగా ఉన్నాడని బజారులో దొరికే రక్తం టానిక్కులు సొంతంగా పోయవద్దు. వాటిలో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఫార్బర్ మొదట ఎందుకు వెనక్కి తగ్గారో పైన చదివారు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే పెద్దవాళ్లకు ఇంకో జాగ్రత్త. అది వారానికి ఒక్క రోజే వేసే మాత్ర. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేయాలో డబ్బా మీద తెలుగులో రాసి పెట్టండి. ఆ జబ్బులో మాత్రం డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ కూడా కలిపి రాస్తారు. రెండు జబ్బులకూ నియమం ఒకటి కాదు కాబట్టి ఒకరి చీటీ చూసి ఇంకొకరు వేసుకోకూడదు.

పవాయి దాకా వచ్చిన దారి

సుబ్బారావు బృందం దారి తప్పిన కాపలా కణాలను మేత లేకుండా చేసి ఆపింది. ఇప్పటి శాస్త్రవేత్తలు మంచి కాపలా కణాలకే తర్ఫీదు ఇచ్చి యుద్ధానికి పంపుతున్నారు. రోగి రక్తం నుంచి టీ కణాలు అనే రకాన్ని వేరు చేసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే శక్తి వాటికి ప్రయోగశాలలో కలిగించి, పెంచి, మళ్లీ అదే రోగికి ఎక్కిస్తారు. దీన్ని కార్ టీ చికిత్స అంటారు. మన దేశంలో తయారైన మొదటి కార్ టీ చికిత్స నెక్స్‌కార్19. పవాయిలోని ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి దాన్ని రూపొందించాయి. 2023లో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఐఐటీలో దాన్ని ప్రారంభించారు. అమెరికాతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువే అయినా అది ఇంకా లక్షల్లోనే ఉంది. మామూలు మందులకు లొంగని కొన్ని రకాల రక్త క్యాన్సర్లకే దాన్ని వాడతారు. కాబట్టి మొదట గెలవాల్సిన చోటు ఇప్పటికీ ఆ పాత మాత్రల దగ్గరే.

భివండీ నుంచి పవాయి ఎంతో దూరం కాదు. ఆ ప్రయోగశాలల్లో పనిచేయడానికి మన పిల్లలు కూడా కావాలి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం పిల్లవాడి కథ వాళ్లకు చెప్పండి. మీ ఇంట్లో వారం మాత్ర డబ్బా ఉంటే, ఆ కథ చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు. చెప్పాక, ఈ వారం మాత్ర వేశారో లేదో ఒకసారి చూసుకోండి.